ఊరి తంపరలో ఫ్యాక్టరీ అంటున్నారు: ధర్నా చేయాలా, కోర్టుకి వెళ్ళాలా?

మీరు అడిగినది ఇదీ. శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న మీ ఊరికి దిగువన పెద్ద తంపర, అంటే పల్లపు చిత్తడి నేల, ఉంది. వానాకాలమంతా నీళ్ళు, నీళ్ళు తీశాక అంచుల్లో వరి, ఎండాకాలం పశువుల మేత, లోతు ఉన్నచోట చేపలు. ఈ మధ్య ఎవరో వచ్చి సర్వే రాళ్ళు పాతి వెళ్ళారు. ఫ్యాక్టరీ వస్తుందంటున్నారు గానీ ఏ ఫ్యాక్టరీయో చెప్పేవాళ్ళు లేరు. ఊళ్ళో సగం మంది ఉద్యోగాలు వస్తాయని ఆశపడుతున్నారు. విశాఖలో ఉద్యోగం చేసుకుంటున్న మీకు టెన్షన్‌గా ఉంది. ధర్నాకి దిగాలా, నేరుగా కోర్టుకి వెళ్ళాలా అని అడిగారు.

ఈ దశలో రెండూ కాదు. ముందు ఆ భూమి ప్రభుత్వ రికార్డులో ఏమని ఉందో, ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోండి. దాంతోపాటే ఆ తంపర మీద ఊరు ఎలా బతుకుతోందో ఆధారాలతో కాగితం మీద పెట్టడం మొదలుపెట్టండి. ధర్నా గానీ కోర్టు గానీ తరువాత అవసరం పడితే వాటికి బలం ఈ కాగితాల నుంచే వస్తుంది.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సర్వేయర్‌గా పనిచేసి రిటైరయ్యాను. అప్పటి నుంచి అడిగిన ఊళ్ళకి రికార్డులు చదివి పెట్టడం, అభ్యంతరాలు రాసి పెట్టడం చేస్తున్నాను. నేను చూసినంతలో ఊళ్ళు దెబ్బతినేది ఎక్కువగా ఒకేచోట. ఫైల్లో ఆ భూమి గురించి "ఖాళీ భూమి, సాగులో లేదు, ఎవరి స్వాధీనంలోనూ లేదు" అని రాసి ఉంటుంది. కింద ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) రాసిన ఆ వాక్యాన్నే తహసీల్దారు, ఆర్డీవో, కలెక్టరేటు, చివరికి ఢిల్లీలో నిపుణుల కమిటీ కూడా చదువుతాయి. అక్కడ ఉన్నవాళ్ళెవరూ మీ తంపరని చూడలేదు. ఆ వాక్యం తప్పని చూపించే కాగితం అదే ఫైల్లో లేకపోతే, ఊరంతా రోడ్డు మీద కూర్చున్నా ఆ వాక్యం అలాగే ఉండిపోతుంది.

మన జిల్లాలో దీనికి సోంపేటని మించిన ఉదాహరణ లేదు. అక్కడి బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు కడతామన్నప్పుడు ప్రభుత్వ కాగితాల్లో అది పనికిరాని భూమి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి అది నీళ్ళు, చేపలు, మేత, పంట. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దేశమంతా ఆ కాల్పుల గురించి విన్నది. కానీ అంతకుముందు నుంచే అక్కడివాళ్ళు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ముందు కేసు నడిపారన్నది చాలామందికి తెలియదు. పర్యావరణ అనుమతి రద్దయింది ఆ అథారిటీ ఆదేశంతో, అదే నెలలో. అది చిత్తడి నేల అన్న విషయమే ఆ కేసుకి ప్రాణం. ప్లాంటు రాలేదు. ఉద్యమం లేకపోతే ఆ కేసుని ఎవరూ పట్టించుకునేవారు కారు, నిజమే. కేసు లేకపోతే ఆ అనుమతి రద్దయ్యేది కాదన్నది కూడా అంతే నిజం.

రికార్డు ఎక్కడ చూడాలి

శ్రీకాకుళం, విజయనగరం ఒకప్పుడు ఎక్కువ భాగం జమీందారీ ఎస్టేట్లు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత సర్వే, సెటిల్‌మెంట్ జరిగి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ తయారైంది. అందరూ ఎస్‌ఎఫ్‌ఏ అంటారు. మనవైపు మూల రికార్డు అదే. మీభూమి వెబ్‌సైటులో ఈరోజు కనిపించే అడంగల్ (పంట, స్వాధీనం రాసే రికార్డు), 1-బి (భూ యజమానుల పట్టిక) చూసి ఆగిపోకండి. అక్కడ "అనాధీనం" అనో "ప్రభుత్వ భూమి" అనో ఒక్క మాట ఉంటుంది. అదే సర్వే నంబరుకి ఎస్‌ఎఫ్‌ఏలో "తంపర", "గెడ్డ పోరంబోకు", "చెరువు గర్భం", "మేత పోరంబోకు" అని ఉండొచ్చు. గెడ్డ అంటే వాగు, పోరంబోకు అంటే ఊరి ఉమ్మడి అవసరాలకి వదిలిన ప్రభుత్వ భూమి. ఈ రెండింటికీ మధ్య తేడా ఉంటే మీ కేసులో సగం బలం అక్కడే ఉంది.

దాంతోపాటు గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) నకళ్ళు తీసుకోండి. ఎఫ్‌ఎంబీలో గెడ్డలు, కాలిబాటలు, గట్లు గీసి ఉంటాయి. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లలో చిత్తడి నేలకి వేరే గుర్తు ఉంటుంది, అదీ చూడండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ళ శాటిలైట్ బొమ్మలు వెనక్కి జరిపి చూడొచ్చు. వానల తరువాత తీసిన బొమ్మల్లో తంపర నిండా నీళ్ళు కనిపిస్తే తేదీతో సహా ప్రింటు తీసి పెట్టుకోండి.

ఒక జాగ్రత్త. మీ ఊళ్ళో రీసర్వే అయిపోయి ఉంటే పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చి ఉంటాయి. పాత నంబరుకి కొత్త నంబరు ఏదో చూపించే పట్టిక అడిగి తీసుకోండి. అది లేకపోతే మీరు ఒక నంబరు మీద అభ్యంతరం పెడతారు, వాళ్ళు ఇంకో నంబరు మీద ఫైలు నడుపుతారు. విజయనగరం వైపు ఒక ఊళ్ళో సరిగ్గా ఇలాగే జరిగింది. నంబరు సరిపోలేదని వాళ్ళ అర్జీ పక్కన పెట్టేశారు, మళ్ళీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది.

ఇవన్నీ సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై స్థాయికి 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "ప్రాజెక్టు గురించి వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. "ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబర్లకి ఎస్‌ఎఫ్‌ఏ నకలు, భూ కేటాయింపు ప్రతిపాదన ఫైలు నోట్‌తో సహా నకలు, ఏ-1 నోటీసు నకలు, పంచాయతీ తీర్మానం నకలు" అని విడివిడిగా రాయండి.

ఆ ఏ-1 నోటీసు ముఖ్యం. ప్రభుత్వ భూమిని ఎవరికైనా కేటాయించే ముందు తహసీల్దారు ఊళ్ళో నోటీసు వేసి అభ్యంతరాలు అడగాలి. చాలా ఊళ్ళలో ఆ నోటీసు ఎవరి కంటా పడదు. ఫైల్లో మాత్రం "నోటీసు ప్రచురించడమైనది, అభ్యంతరములు లేవు" అని ఉంటుంది. నోటీసు వేసినట్టు సాక్షి సంతకాలు ఎవరివో చూడండి. ఆ సంతకం తనది కాదని సాక్షి చెబితే, అది రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకో సంగతి: నీటి వనరుగా, గెడ్డగా, శ్మశానంగా ఉన్న పోరంబోకుని అలాగే ఎత్తి ఇచ్చేయడానికి లేదు, ముందు వర్గీకరణ మార్చాలి. మార్చారా, ఎవరి ఉత్తర్వుతో మార్చారు అన్నది అడగాల్సిన ప్రశ్న. ఊరుమ్మడి భూములని ప్రైవేటు చేతుల్లో పెట్టడం తప్పని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది. ఆ కేసు పంజాబ్‌లో ఒక ఊరి చెరువుది. అర్జీల్లో దాన్ని ప్రస్తావించండి, అధికారులకి ఆ తీర్పు తెలుసు.

ఫైలు ఏ దశలో ఉందో ఎలా తెలుస్తుంది

పెద్ద పరిశ్రమ అయితే పర్యావరణ అనుమతి కావాలి. ఆ దరఖాస్తులు కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో పెడతారు. జిల్లా పేరు, మండలం పేరుతో వెతకండి. కంపెనీ పేరు తెలియకపోయినా దొరకొచ్చు. మీరు విశాఖలో ఉన్నారు, కంప్యూటర్ ముందు కూర్చుంటారు. ఊళ్ళో ఉన్నవాళ్ళకంటే మీరు బాగా చేయగల పని ఇదే. వారానికోసారి చూడండి. దరఖాస్తు పడితే ప్రాజెక్టు వివరాలు, మ్యాపు అన్నీ దొరుకుతాయి.

2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం చాలా పరిశ్రమలకి ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి దాన్ని నిర్వహించాలి. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా నివేదికని కలెక్టరేటులో, జిల్లా పరిషత్‌లో, పరిశ్రమల కేంద్రంలో అందుబాటులో ఉంచాలి, సారాంశం తెలుగులో ఉండాలి. ఆ 30 రోజులే మీకు దొరికే అసలు సమయం. ప్రకటన వచ్చాక తయారీ మొదలుపెడితే చాలదు, అందుకే ఇప్పటి నుంచే మొదలుపెట్టమంటున్నాను.

అన్నిటికీ ఈ సభ ఉండదు. ముందే అనుమతి పొందిన పారిశ్రామిక పార్కులో వచ్చే యూనిట్లకి, బీ2 అనే చిన్న తరగతి ప్రాజెక్టులకి, భవన నిర్మాణాలకి, లేఅవుట్లకి సభ పెట్టరు. కాబట్టి మీ తంపరని ముందు "పారిశ్రామిక పార్కు" పేరుతో తీసుకుంటున్నారేమో చూడండి. అలా అయితే మాట్లాడాల్సింది పార్కు దశలోనే. పార్కు అయిపోయాక అందులోకి ఏది వచ్చినా మిమ్మల్ని అడగరు.

తంపర గురించి మీరు తయారు చేయాల్సిన పుస్తకం

ఇది నేను ప్రతి ఊరికీ చెప్పే పని. చేసిన ఊళ్ళు తక్కువ, చేసిన ప్రతిచోటా ఉపయోగపడింది.

కంపెనీ తరఫున నివేదిక రాసే కన్సల్టెంట్లు సాధారణంగా ఒక్క సీజన్‌లో, మూడు నెలల డేటా తీసుకుంటారు. అది వానాకాలం కాకుండా చూసుకుంటారు, నిబంధన కూడా వానాకాలం కాని సీజనే అంటుంది. మార్చి నుంచి మే వరకు మీ తంపర ఎలా ఉంటుందో మీకు తెలుసు. నేల బీటలు వారి, గేదెలు తిరుగుతూ, ఎండిన జమ్ముతో ఉంటుంది. ఆ ఫోటో నివేదికలో పడితే ఎవరికైనా అది బీడే. అందుకే ఏడాది పన్నెండు నెలలూ తంపర ఎలా మారుతుందో మీరే రికార్డు చేయాలి.

నెలకి ఒకసారి, అవే నాలుగైదు చోట్ల నిలబడి, ఫోన్‌లో తేదీ, లొకేషన్ పడేలా ఫోటోలు తీయించండి. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి, ఏ పొలాల నుంచి తంపరలోకి దిగుతున్నాయి, తంపర నుంచి ఏ గెడ్డలోకి పోతున్నాయి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మీ వైపే తీరం దాటింది. అప్పుడు ఊళ్ళో ఎవరి ఫోన్‌లోనో ఫోటోలు, వీడియోలు ఉండే ఉంటాయి. వరద నీళ్ళు ఊళ్ళోకి రాకుండా తంపరలో నిలిచాయని ఆ ఒక్క ఫోటో చూపించగలదు. తంపరని మట్టితో పూడ్చి ఎత్తు చేస్తే ఆ నీళ్ళు ఎటు పోతాయని సభలో అడిగితే, జవాబు చెప్పడం ఏ కన్సల్టెంటుకీ తేలిక కాదు.

ఆ తరువాత బతుకు లెక్క. ఇక్కడ మీరు చెప్పే అంకెలకంటే ప్రభుత్వం దగ్గరే ఉన్న అంకెలు బలమైనవి. పశువుల ఆసుపత్రిలో గాలికుంటు టీకాల రిజిస్టరు ఉంటుంది, మీ ఊరి పశువుల సంఖ్య అక్కడ దొరుకుతుంది. పాల కేంద్రంలో రోజుకి ఎన్ని లీటర్లు పోస్తున్నారో ఉంటుంది. మత్స్యకార సంఘం ఉంటే దాని రికార్డు. తంపర అంచుల్లో వరి వేసినవాళ్ళ ఈ-క్రాప్ (ప్రభుత్వ పంట నమోదు) రికార్డు. "సాగులో లేదు" అని రాసిన శాఖే ఆ భూమిలో పంట నమోదు చేసిందంటే ఇక వాదించడానికి ఏముంది?

అన్నిటికంటే పనికొచ్చేది ఉపాధి హామీ రికార్డు. తంపరలోకి వచ్చే గెడ్డ పూడిక తీయడానికో, గట్టు వేయడానికో ఏ ఏడాదైనా ఉపాధి హామీ పని జరిగి ఉంటే, ఆ పని పేరు, కొలతలు, ఖర్చు అన్నీ ఆన్‌లైన్‌లో ఉంటాయి. ప్రభుత్వమే డబ్బు ఖర్చు పెట్టి నీటి వనరుగా బాగుచేసిన భూమిని అదే ప్రభుత్వం బంజరు అనలేదు. విజయనగరం జిల్లాలో ఒక బందని (చిన్న చెరువుని) పూడ్చి లేఅవుట్ వేయబోతే, ఆ ఊరివాళ్ళు చూపించిన కాగితాల్లో పనిచేసింది ఇదే. బందకి నీళ్ళు తెచ్చే కాలవ పూడిక తీసినట్టు ఉపాధి హామీ బిల్లు ఉంది. లేఅవుట్ మొత్తం ఆగలేదు, కానీ బంద, కాలవ వదిలేసి ప్లాను మార్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ బందలో నీళ్ళున్నాయి.

పక్షుల సంగతి కూడా రాయండి. మన జిల్లాలో తేలినీలాపురానికి పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు, తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వస్తాయని అందరికీ తెలుసు. అవి గూళ్ళు కట్టేది ఊళ్ళలోని చెట్ల మీద, తిండికి వెళ్ళేది చుట్టుపక్కల తంపరలకీ పొలాలకీ. మీ ఊరు వాటికి దగ్గరైతే, ఏ నెలలో ఏ పక్షి ఎంత గుంపుగా దిగుతోందో ఫోటోలతో పెట్టండి. శ్రీకాకుళం కాలేజీల్లో జంతుశాస్త్రం చెప్పే లెక్చరర్లని అడిగితే పిల్లల్ని తీసుకుని వచ్చి లెక్క కట్టి పెడతారు.

చిత్తడి నేలల నిబంధనలు మీకు వర్తిస్తాయా

ఇక్కడ ఆశ ఎంత పెట్టుకోవాలో స్పష్టంగా చెప్పాలి. 2017 చిత్తడి నేలల నిబంధనలు నోటిఫై అయిన చిత్తడి నేలల్లో పరిశ్రమలు పెట్టడాన్ని, పూడ్చడాన్ని నిషేధిస్తాయి. కానీ వరి పొలాలు, సాగునీటి కోసం తవ్విన చెరువులు, చేపల చెరువులు, ఉప్పు మడులు ఆ నిర్వచనంలోకి రావు. అంటే మనుషులు తవ్వించిన సాగునీటి చెరువుకి ఈ నిబంధనలు పెద్దగా పనికిరావు, సహజంగా ఏర్పడిన తంపరకి పనికొస్తాయి. మీ తంపర సహజమైనదని చూపించగలిగితే మీ స్థితి చాలా మెరుగు. నోటిఫై కాలేదని వాళ్ళంటారు. 2017లోనే సుప్రీంకోర్టు, ఇస్రో ఉపగ్రహ చిత్రాలతో గుర్తించిన 2.25 హెక్టార్లకి మించిన 2,01,503 చిత్తడి నేలలని 2010 నిబంధనల్లోని నాలుగో నిబంధన సూత్రాలతో కాపాడమని ఆదేశించింది. ఆ జాబితాలో మీ తంపర ఉందేమో రాష్ట్ర చిత్తడి నేలల అథారిటీని సమాచార హక్కు కింద అడగండి. ఉంటే, ఆ ఒక్క కాగితం మిగతా అన్నిటికంటే పైన పెట్టండి.

ప్రజాభిప్రాయ సేకరణ రోజు

కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకి తగ్గని ప్రతినిధి గానీ సభని నడపాలి. మొత్తం వీడియో తీయాలి. ఇంతమంది రావాలన్న కోరం ఏమీ లేదు, అంటే మీరు రాకపోయినా సభ జరిగినట్టే లెక్క. చివర్లో ఎవరేం చెప్పారో సారాంశం తెలుగులో చదివి వినిపించాలి. చాలాచోట్ల ఇది ఎగ్గొడతారు. అడిగి చదివించుకోండి.

ఒక ఊళ్ళో జనం కోపంతో షామియానా పీకేసి, కుర్చీలు విరగ్గొట్టి వెళ్ళిపోయారు. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది, నేనూ ఆ ఊరివాణ్ణైతే అంతే బాధపడేవాణ్ణి. కానీ ఆ రోజు నివేదికలో వాళ్ళ అభ్యంతరం ఒక్కటీ నమోదు కాలేదు, గొడవ మాత్రం నమోదైంది. వ్యతిరేకించాలనుకున్నా లోపలికి వెళ్ళి, మాట్లాడి, రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకున్నాకే బయటికి రండి. బహిష్కరణ అంటే ఫైల్లో ఖాళీ పేజీ.

మాట్లాడేవాళ్ళని ముందే అనుకోండి. ఒకరు నీళ్ళ గురించి, ఒకరు పశువుల గురించి, ఒకరు చేపల గురించి, ఒకరు రికార్డు గురించి. ఒకే మాట ఇరవైమంది చెబితే సారాంశంలో ఒక లైను అవుతుంది. ఇరవైమంది ఇరవై విషయాలు చెబితే వాటన్నిటికీ జవాబు రాయాల్సి వస్తుంది. ఆడవాళ్ళని ముందు మాట్లాడనివ్వండి. తంపరలో గడ్డి కోసేదీ, పాలు పితికేదీ, చేపలు అమ్మేదీ వాళ్ళే, వాళ్ళు చెప్పే వివరాలు ఏ లాయరూ చెప్పలేడు. సోంపేట బీలలోనూ వాళ్ళే ముందు నిలబడ్డారు.

నివేదికలో రెండు చోట్లు జాగ్రత్తగా చదవండి. ఒకటి ప్రత్యామ్నాయ స్థలాల అధ్యాయం: ఇదే స్థలం ఎందుకు, ఇంకెక్కడ చూశారు అన్నది అందులో ఉండాలి. మామూలుగా అది చాలా బలహీనంగా ఉంటుంది. రెండోది నీటి అధ్యాయం. వేరే జిల్లా నివేదిక నుంచి ఎత్తి రాసిన పేరాలు ఉంటాయి, మీ దగ్గర లేని నది పేరో లేని చెట్టు పేరో కనిపిస్తే గీత గీసి పెట్టుకోండి.

ఊళ్ళో ఉద్యోగాలు కావాలనేవాళ్ళు

వాళ్ళని శత్రువులుగా చూడొద్దని చేతులు జోడించి చెబుతున్నాను. మన జిల్లాల నుంచి కుర్రాళ్ళు హైదరాబాదుకీ, చెన్నైకీ, గుజరాత్ రేవులకీ కూలికి వెళ్ళి బతుకుతున్నారు. సొంత ఊళ్ళో పని దొరుకుతుందంటే తల్లిదండ్రులకి ఆశ ఉండదా? వాళ్ళతో కలిసి కూర్చుని నివేదికలో శాశ్వత ఉద్యోగాల సంఖ్య ఎంత రాశారో, వాటికి ఏ చదువు కావాలన్నారో చదవండి. అది కంపెనీ తన చేత్తో రాసుకున్న అంకె. దాని పక్కన తంపర మీద ఇప్పుడు బతుకుతున్న ఇళ్ళ సంఖ్య పెట్టండి. నిర్ణయం వాళ్ళనే తీసుకోనివ్వండి.

"ఏదీ వద్దు" అనే మాట కంటే "ఇక్కడ వద్దు, ఎందుకంటే ఇదీ కారణం, ఫలానా మెట్ట భూమిలో పెట్టుకోండి" అన్న మాట ఊరిని ఒకచోట నిలబెడుతుంది. విస్తీర్ణం తగ్గించమని అడగడం కూడా గెలుపే. విజయనగరం జిల్లా భోగాపురం విమానాశ్రయానికి 2015లో మొదట 15 వేల ఎకరాల మాట వినిపించింది. రైతులు నిలబడ్డాక అది తగ్గుతూ తగ్గుతూ 3 వేల ఎకరాల లోపుకి వచ్చింది. విమానాశ్రయం ఆగలేదు, కానీ ఎన్నో ఊళ్ళు మిగిలాయి.

కొన్ని పనులు అసలు చేయొద్దు. తెల్లకాగితం మీద సంతకాలు ఎవరికీ ఇవ్వకండి, "హాజరు పట్టీ" అన్నా సరే. పైన విషయం రాసి ఉంటేనే సంతకం. అలాంటి హాజరు పట్టీలు తరువాత ఒప్పుకోలు కాగితాలుగా ఫైల్లో కనిపించిన ఊరు నాకు తెలుసు. ఏ పార్టీ జెండా కిందకీ వెళ్ళకండి, అన్ని పార్టీలనీ పిలవండి. చందాలకి పుస్తకం పెట్టి నెలనెలా రామమందిరం దగ్గరో రచ్చబండ దగ్గరో చదివి వినిపించండి. కంపెనీతో ఒకరిద్దరు విడిగా మాట్లాడటం మొదలైందంటే అనుమానాలు మొదలవుతాయి, కాబట్టి ఎవరు మాట్లాడినా కమిటీ మొత్తం వెళ్ళాలి.

ధర్నా, కేసులు

ధర్నా వద్దని నేననను. జనం కదలకపోతే అధికారులు ఫైలు తెరవరు. కానీ ఎప్పుడు, ఎందుకు అన్నది మీ చేతిలో ఉండాలి. సమాచార హక్కు జవాబు ఇవ్వనప్పుడు, గ్రామసభ పెట్టమంటే పెట్టనప్పుడు, అనుమతి లేకుండా మట్టి తోలుతున్నప్పుడు ధర్నా చేస్తే దానికి ఒక స్పష్టమైన డిమాండు ఉంటుంది. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో ఏం జరిగిందో గుర్తుపెట్టుకోండి. అక్కడా తంపరే, అక్కడా థర్మల్ ప్లాంటే, అక్కడా కాల్పుల్లో మనుషులు పోయారు. అనుమతులు వచ్చి, పనులు మొదలయ్యాక పోరాటం ఎంత ఖరీదైపోతుందో ఆ ఊళ్ళవాళ్ళకి తెలుసు. ఆ తరువాత కేసుల కోసం ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. మీ ఊళ్ళో ఒక్కరికి కూడా అలా జరగకూడదు. శాంతంగా, రాతపూర్వకంగా ముందే తెలియజేసి, మొత్తం వీడియో తీస్తూ చేయండి. ఉద్యోగాలకి ప్రయత్నిస్తున్న కుర్రాళ్ళని ముందు వరసలో నిలబెట్టకండి, ఒక్క ఎఫ్‌ఐఆర్ చాలు వాళ్ళ జీవితం ఆగిపోవడానికి.

కోర్టు ఎప్పుడు

పర్యావరణ అనుమతి ఇచ్చేస్తే దాని మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి అప్పీలు చేయాలి. మన రాష్ట్రం చెన్నైలోని దక్షిణ మండల బెంచి కిందికి వస్తుంది. గడువు 30 రోజులు. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల వరకు ఇవ్వొచ్చు, ఆపైన ట్రిబ్యునల్‌కే అధికారం లేదు. అనుమతి వచ్చిన సంగతి మూడు నెలల తరువాత తెలిసిందంటే తలుపు మూసుకున్నట్టే. పరివేష్ చూస్తూ ఉండమన్నది అందుకే. అనుమతి లేకుండా పూడుస్తుంటే అది వేరే దరఖాస్తు, దానికి ఆరు నెలల గడువు. నష్టపరిహారం అడగని దరఖాస్తుకి ఫీజు 1,000 రూపాయలు. లాయరు లేకుండా కూడా వేయొచ్చు, కానీ లాయరు ఉంటేనే మంచిది.

భూ కేటాయింపులో, వర్గీకరణ మార్పులో తప్పులుంటే అది హైకోర్టు విషయం. తంపర పక్కన జిరాయితీ (సొంత పట్టా) భూములు, డి-పట్టా (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన) భూములు కూడా తీసుకుంటున్నారంటే 2013 భూసేకరణ చట్టం వస్తుంది. ప్రాథమిక నోటిఫికేషన్ మీద అభ్యంతరాలకి 60 రోజులుంటాయి. ఆ అభ్యంతరాన్ని ఎవరికి వాళ్ళు విడిగా ఇవ్వాలి. ఊరంతా ఒకే కాగితం ఇస్తే ఒక్క వాక్యంతో తోసిపుచ్చడం తేలిక. రాష్ట్రం 2018లో ఈ చట్టానికి సవరణ చేసి కొన్ని రకాల ప్రాజెక్టులకి సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చింది, అది మీకు వర్తిస్తుందేమో లాయరుని అడగండి.

గ్రామసభ తీర్మానంతోనే ప్రాజెక్టు ఆగిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. షెడ్యూల్డ్ (గిరిజన) ప్రాంతంలో, అటవీ హక్కులున్న చోట గ్రామసభకి ఉన్న బలం వేరు. మన పక్కనే ఒడిశాలో నియమగిరి మీద 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలని అడగమంది, 12 గ్రామసభలూ వద్దన్నాయి, బాక్సైట్ తవ్వకం ఆగింది. సీతంపేట, పార్వతీపురం వైపు కొండ ఊళ్ళకి ఆ దారి ఉంది. మీ తీరప్రాంత ఊరికి లేదు. అయినా తీర్మానం చేయించండి, ఎందుకంటే "గ్రామస్తులకు అభ్యంతరం లేదు" అని రాయడానికి వీల్లేకుండా చేసే కాగితం అదే. తీర్మానంలో సర్వే నంబర్లు, తంపర ఉపయోగాలు పూర్తిగా రాయించండి. ధ్రువీకరించిన నకలు తీసుకుని కలెక్టరుకి, కాలుష్య నియంత్రణ మండలికి, చిత్తడి నేలల అథారిటీకి రిజిస్టర్ పోస్టులో పంపండి.

ఈ వారం చేయాల్సినవి మూడే. పాతిన సర్వే రాళ్ళ ఫోటోలు లొకేషన్‌తో తీయించండి, రాళ్ళ మీద అక్షరాలుంటే దగ్గరగా తీయించండి, వాటిని పీకనివ్వకండి. సమాచార హక్కు దరఖాస్తు పోస్టు చేయండి. ఊళ్ళో 70 ఏళ్ళు దాటినవాళ్ళు ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి తంపర ఎల్లలు, గెడ్డల పేర్లు, ఎవరెవరు ఎక్కడ చేపలు పట్టేవారో చెప్పించి రికార్డు చేయండి. ఎస్‌ఎఫ్‌ఏ నకలు చేతికొచ్చాక సర్వే నంబరు, అందులోని వర్గీకరణ ఇక్కడ రాయండి, పేర్లు అక్కర్లేదు. చదివి దాని అర్థమేమిటో, అభ్యంతరంలో ఎలా వాడాలో రాసి పెడతాను.